వదిలెయ్యాల్సిన మొక్కలు

"చెయ్యి శుభ్రంగా ఉంటే ఇలా ఎందుకొస్తుందమ్మా?" అన్నాడు పెద్దసారు.

ఆ మాట తన గదిలోకి పిలిచి అన్నా బాగుండేది. అన్నది చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, భోజనాల వేళ, నలుగురూ వరసలో నిలబడి ఉండగా. ఒక ప్లేటు కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, అందులో ఆకుముక్క అంచున మొలిచిన తెల్లటి బూజు అందరికీ కనపడేలా అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు. రిపోర్టులు టైపు చేసే అమ్మాయి తల దించుకుంది. స్టోరు గుమాస్తా తన చేతులు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు, అడిగింది తననేమో అన్నట్టు.

అడిగింది ప్లేట్లమ్మని. ఆ పరిశోధన కేంద్రంలో ఆమెకి ఇంకో పేరుందని ఎవరికీ గుర్తు లేదు. పదకొండేళ్ళుగా ఆమె చేసే పని ఒకటే: బూజు పెరిగే అగర్ జావ కాచడం, గాజు ప్లేట్లలో పొయ్యడం, పొలంలోంచి వచ్చిన ఆకుల్ని కడిగి ముక్కలు కోసి దాని మీద పెట్టడం, ఏం మొలుస్తుందో చూసి రాయడం. స్పిరిట్‌తో తుడిచీ తుడిచీ ఆమె వేళ్ళ కొసలు పొలుసులు లేచిపోయాయి. అలాంటి చేతుల్ని పట్టుకుని శుభ్రం లేదంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆమెకూ మండింది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం "చూస్తాను సార్" అన్న ముక్క. అందుకు తన మీద తనకే ఇంకా మండింది.

ఈ పంటకాలం అక్కడ జరుగుతున్న ప్రయోగం మొక్కజొన్న మీద. పురుగుల్ని చంపే బూజు ఒకటుంది. దాన్ని ఆకుల మీద చల్లితే ఎండకి నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది. అదే విత్తనాన్ని ఆ బూజు కలిపిన నీళ్ళలో నానబెట్టి నాటితే, మొక్కతో పాటు మొక్క లోపలే పెరుగుతుంది. మొక్కకి ఏ హానీ చెయ్యదు. ఆకు తిన్న పురుగు మాత్రం మందగించి, తిండి మానేసి చస్తుంది. చస్తుందని పెద్దసారు ఆశ. ఆ ఆశ నిజమో కాదో తేలాలంటే పక్కనే బూజు తగలని వరుసలు కూడా ఉండాలి. అలాంటివి పది, వరుసకి ఇరవై మొక్కలు. వాటిని కంట్రోలు అంటారు. వాటికి బూజు లేదు, మందు లేదు, పురుగు పడితే ఏరేసే దిక్కు కూడా లేదు.

ఆ కంట్రోలు వరుసల్లోంచి ఆమె అరవై మొక్కల ఆకులు పరీక్షిస్తే, పదిహేడింట్లోంచి బూజు మొలిచింది.

"వచ్చే వారం పైనుంచి కమిటీ వస్తోంది," అన్నాడు పెద్దసారు, ప్లేటు ఆమె చేతిలో పెడుతూ. "బూజు ల్యాబ్‌లోనే అంటుకుందని ఒక కాగితం రాసి సంతకం పెట్టివ్వండి. సోమవారం పొద్దున్నకల్లా కావాలి. పొలంలో తప్పు లేదంటే ప్రయోగం నిలబడుతుంది. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది అంటే ఏమిటో అక్కడ తడిచేతులతో నిలబడ్డ అందరికీ తెలుసు. కాంట్రాక్టు వాళ్ళ జాబితా నెలాఖరుకి కొత్తగా రాస్తారు. తన చేతులు మురికివని తనే సంతకం పెట్టిన మనిషిని ప్లేట్ల దగ్గర ఎవరుంచుకుంటారు?

సాయంత్రం ఆమె చెప్పులు విడిచిన చప్పుడుకే అత్తగారు టీవీ కట్టేసింది.

"ఏమైందే?"

"ఒక్కో ఆకుని ముందు బ్లీచింగ్ నీళ్ళలో ముంచుతాను అత్తయ్యా. తర్వాత స్పిరిట్‌లో. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళలో మూడుసార్లు. ఎందుకు? పైనున్న బూజంతా చచ్చి, లోపలున్నది మాత్రమే మిగలాలని. ఇంత చేస్తే నా చెయ్యి మురికంట!"

"ఎవడన్నాడా మాట?"

"ఇంకెవరు, పెద్దసారు."

"ఆయన గోళ్ళు చూశావా ఎప్పుడైనా? మొన్న బస్టాపులో చూశాను నేను. ఆ గోళ్ళతో మనిషి రొట్టె ఎలా తింటాడో నాకైతే తెలీదు." అత్తగారికి ఎవరి మీదైనా కోపం వస్తే వాళ్ళ ఒంట్లో ఏదో ఒక లోపం వెంటనే గుర్తొస్తుంది.

మొగుడు అప్పటికే వచ్చి గోడవారగా కూర్చున్నాడు. ఆయనది కూడా ఆ కేంద్రంలోనే పని, పొలంలో. నాటడం, తడి పెట్టడం, కలుపు తీయించడం, వారానికోసారి మొక్క మొక్కకీ వంగి పురుగుల్ని లెక్కపెట్టి రాయడం. మాట్లాడేది తక్కువ. ఆ వేళ అదీ లేదు.

"ల్యాబ్‌లో అంటుకోలేదండీ. నాకు తెలుసు. పొలంలోనే ఎవడో వెధవ ఏదో చేశాడు. చేసి, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడు. వాడెవడో నా చేతికి దొరకాలి!"

"ఊఁ," అన్నాడాయన.

"ఊఁ ఏమిటి? రోజంతా అక్కడుండేది మీరేగా. ఎవరైనా గట్టు దాటి రావడం చూశారా?"

"గట్టు దాటి ఎవరూ రాలేదు," అని రొట్టె తుంచాడు. తుంచిన ముక్క నోట్లో పెట్టుకోకుండా మళ్ళీ రెండు ముక్కలు చేశాడు.

గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం, అనుకుందామె. కంచాలు తీసేటప్పుడు రెండు ఎక్కువే మోగాయి.

మర్నాడు, శుక్రవారం పొద్దున్నే ఆమె ఇంక్యుబేటర్ తెరిచి అడుగు అర ఖాళీ చేసింది. ఆకుని చివరిసారి కడిగిన నీళ్ళని పారబొయ్యకుండా, ఒక్కో చుక్క విడిగా ఒక్కో ప్లేట్లో పోసి ఉంచడం ఆమెకి అలవాటు. ఆకు మీద బూజు ఏమాత్రం మిగిలున్నా, చెయ్యి తప్పు చేసినా, ఆ నీళ్ళ ప్లేట్లో మొలవాలి. అరవై ఆకులకి అరవై ప్లేట్లు. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. పుట్టిన బిడ్డ ఒంట్లా నున్నగా ఉన్నాయి, ఒక్క బూజు చుక్క కూడా లేదు.

ట్రేలలో పేర్చుకుని పెద్దసారు గదికి మోసుకెళ్ళింది. మూడు ట్రిప్పులు పట్టింది. ఆయన ఫోన్లో ఉన్నాడు. అయిపోయేదాకా నిలబడింది.

"ఇవి చూడండి సార్. చివరి కడుగు నీళ్ళవి. నా చేతిదే తప్పయితే వీటిలో మొలవాలి."

ఆయన ఒకటి తీశాడు, చూశాడు, పెట్టేశాడు. "ఇవి పోసిందెవరు?"

"నేనే."

"మరదే. ఆ ప్లేట్లు తప్పంటే, ఈ ప్లేట్లు సాక్ష్యమంటారు. రెండూ మీరు పోసినవే కదమ్మా."

తర్కం బాగానే ఉంది. ఒక చెయ్యి మురికని తేల్చేశాక ఆ చేత్తో ఏం చూపించినా మురికే. అయితే పదకొండేళ్ళుగా ఈయన పేరు కింద అచ్చయిన అంకెలన్నీ ఎవరి చేతి మీదుగా వచ్చాయి? ఆ ప్రశ్న గొంతు దాకా వచ్చింది. మూడు ట్రేలు ఒకేసారి ఎత్తుకోబోయి, కుదరక, మళ్ళీ మూడు ట్రిప్పుల్లో వెనక్కి మోసింది. ప్రతిసారీ ఆయన ఫోన్లోనే ఉన్నాడు.

శనివారం రిపోర్టుల అమ్మాయి ఆమె బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచింది. కంట్రోలు మడి పటం. పది వరుసలు, వరుసకి ఇరవై గళ్ళు.

"అక్కా, మొలిచినవాటికి ఎర్రరంగు వేసి చూడు. ఒక పక్కనే ఉన్నాయనుకో, గాలి తెచ్చిందనొచ్చు. ఒక వరుసలోనే ఉన్నాయనుకో, విత్తనాలు మారిపోయాయనొచ్చు. నీకేదో ఒక ఆధారం దొరుకుతుంది."

దొరకలేదు. ఒక గడి ఇక్కడ, రెండు అక్కడ, మూడోది ఎక్కడో మూల. పిల్లలు గీసిన బొమ్మకి కూడా అంతకన్నా ఒక పద్ధతి ఉంటుంది. పటం మడిచి సంచిలో పెట్టుకుంది, పక్కనే రాయాల్సిన తెల్లకాగితం కూడా.

ఆదివారం పొద్దున వంటింటి బల్ల మీద ఆ రెండూ పక్కపక్కనే పడున్నాయి. తెల్లకాగితం మీద "గౌరవనీయులైన" దాకా రాసి ఆపేసింది. గౌరవం దగ్గరే కలం మొరాయించింది. ఎర్రగళ్ళని ఎన్నోసారో లెక్కపెట్టుకుంటోంది. మొగుడు గిన్నెలు తుడిచి అరలో సర్దుతున్నాడు. గురువారం నుంచి ఆయన ఎవరూ చెప్పకుండానే ఇంట్లో ప్రతి పనీ అందుకుంటున్నాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని కూర తరుగుతూ అది గమనించింది, కానీ దానికి ఏ పేరు పెట్టాలో ఆవిడకి తెలియలేదు.

ఆయన చేతిలో గిన్నెతో బల్ల మీదికి వంగి చూశాడు. కాసేపు చూశాడు.

"నాలుగో వరసలో పన్నెండోది వదిలేశావేం?"

"అందులో మొలవలేదండీ," అందామె తలెత్తకుండా. "మొలిచినవాటికే వేశాను."

"మొలవలేదా? దానికి..."

ఆమె తలెత్తింది. ఆయన గిన్నెని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు, అప్పటికే తుడిచి పొడిగా ఉన్నదాన్ని.

"దానికి?"

ఆయన గిన్నె బోర్లా తిప్పాడు.

"దానికి ఏమిటండీ?"

"పోశాను," అన్నాడాయన గిన్నెతో.

గుమ్మంలో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. మొక్క నడుమెత్తు వచ్చినప్పుడు, బూజు వరుసలకి ఇంకోసారి వేరు దగ్గర ఆ నీళ్ళు పొయ్యమన్నారు. మూడు రోజులు పోశాడు. రోజూ బకెట్లో అడుగున కొంత మిగిలేది. మిగిలింది షెడ్డు వెనక గుంటలో పారబొయ్యమని పెద్దసారు చెప్పాడు. గుంటకి వెళ్ళే దారి కంట్రోలు వరుసల మధ్యలోంచే.

"మొవ్వులు జల్లెడయిపోయాయే. లోపల పురుగు కూర్చుని కొత్తాకు విచ్చుకోకముందే తినేస్తోంది. చేతిలో చూస్తే దాని మందు. తీసుకెళ్ళి గుంటలో పొయ్యమంటారు." ఆయన గిన్నె కింద పెట్టాడు. "మరీ చచ్చేలా ఉన్నవాటికే పోశాను. తలా ఒక మగ్గు."

"అవి అలా ఉండాలనే పెట్టారయ్యా!" ఆమె లేచి నిలబడింది. "పోయకూడదనే కదా ఆ వరసలు! ఇన్నేళ్ళుగా ఆ పొలంలో చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదా నీకు?"

పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ వదిలేశారు.

"తెలుసు."

"తెలిసీ పోశావా?"

"పోశాను."

"మూడు రోజుల్నుంచి నా మొహం చూస్తున్నావు. నేను తిడుతుంటే వింటున్నావు. నా చేతులు మురికివని సంతకం పెట్టబోతుంటే గిన్నెలు తుడుస్తున్నావు. నోరు పెగల్లేదా?"

"రోజూ చెబుదామనే. నువ్వు వెధవ అన్నప్పుడల్లా వెనక్కి పోయింది."

అత్తగారు కత్తిపీట మడిచింది. "ఒరేయ్, వెధవ అన్నది నిన్నేనట్రా?" అంది. కొడుకు తలూపాడు. "అయితే సరిగ్గానే అంది," అని లేచి లోపలికెళ్ళిపోయింది.

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చేలా ఉంది, రెండిటికీ సమయం లేదు. ఎదురుగా తెల్లకాగితం. దాని మీద తన చేతులు మురికివని రాస్తే తను పోతుంది. మొగుడు చేశాడని రాస్తే మొగుడు పోతాడు. కడుపులో పెట్టుకుంటే మళ్ళీ తనే పోతుంది. దేవుడా, ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈ మనిషే పొయ్యాలా!

కుర్చీలో కూలబడింది. పటం వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"ఎన్ని మొక్కలకి పోశావు?"

"నలభై ఒకటి."

"ఏవేవో గుర్తుందా?"

"ఎందుకుండదు," అన్నాడాయన, చిన్నబుచ్చుకున్నట్టు.

"గోడవైపు తిరుగు."

ఆయన తిరిగాడు. ఆమె పరీక్షించిన అరవై మొక్కల చీటీ తీసి, కాగితానికి అడ్డంగా స్కేలు పెట్టుకుని, ఒక్కోటీ చదవడం మొదలుపెట్టింది.

"మొదటి వరస, ఐదు."

"లేదు."

"మొదటి వరస, పద్ధెనిమిది."

"పోశాను. పక్కన రాయుంటుంది."

"రెండో వరస, ఏడు."

"లేదు. దానికేం, దుక్కలా ఉంది."

"రెండు, ఎనిమిది."

"పోశాను. పాపం కుడివైపు ఆకే లేదు దానికి."

ఆయన కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. చెయ్యి మాత్రం గాలిలో మొవ్వు విప్పుతున్నట్టు కదులుతోంది. ఆమె ఒక్కో జవాబు పక్కనా గుర్తు పెడుతోంది. పోశానన్న చోట ఎరుపు. లేదన్న చోట తెలుపు. పదిహేను చదివేసరికి ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ మనిషి లేదన్న ప్రతిసారీ ఆమె ప్లేటు ఖాళీగా ఉంది, ఒకటీ రెండూ తప్ప పోశానన్న ప్రతిసారీ మొలిచింది. పదకొండేళ్ళలో ఆమె పనిని ఇంత వివరంగా ఎవరూ మెచ్చుకోలేదు.

"ఏడో వరస, తొమ్మిది."

"లేదు."

"ఉంది," అందామె. "ఎర్రగా ఉంది. బూజు మొలిచింది."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆలోచించాడు. "పదోదానికి పోశాను. అక్కడ నేల వాలు. పదోదాని దగ్గర పోస్తే తొమ్మిదో దాని మొదట్లోకి పారుంటుంది."

చివరికి లెక్క తేలింది. అరవైలో ఆయన పోసినవి పద్ధెనిమిది. వాటిలో రెండింటికి పోసినా పట్టలేదు, ఆ నాలుగో వరస పన్నెండోది ఒకటి. పదహారింట్లో మొలిచింది. పదిహేడోది వాలు వల్ల వచ్చింది. అంతకు మించి ఒక్కటి కూడా తేడా లేదు.

ఆమె చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టి వాటినే చూసుకుంది.

"రాయి," అన్నాడాయన. "నేను పోశానని రాయి. కింద నేను పెడతాను సంతకం."

"పెట్టాక?"

"పెట్టాక ఆయనిష్టం."

సోమవారం ఇద్దరూ కలిసి పెద్దసారు గదికి వెళ్ళారు. ఆయన కాగితం పైనుంచి కింది దాకా చదివాడు. చదువుతున్నంతసేపూ మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"ఎవరు పొయ్యమన్నారయ్యా నిన్ను?"

"ఎవరూ అనలేదు సార్. పారబొయ్యమన్నారు. చెయ్యి రాలేదు."

"చెయ్యి రాలేదా! ఒక పంటకాలం పని గంగలో కలిపి, చెయ్యి రాలేదంటావా?" బల్ల మీద చరిచాడు. కలాల డబ్బా పడిపోయింది. మొగుడు అలవాటు కొద్దీ వంగి కలాలు ఏరి డబ్బాలో పెట్టాడు. ఆ పనితో పెద్దసారు కోపం ఇంకాస్త పెరిగింది.

ఆమె పటం ముందుకు జరిపింది. ఎర్రగళ్ళ పక్కన మొగుడు చెప్పినవి, ఆమె ప్లేట్లు చెప్పినవి, రెండూ పక్కపక్కన. పెద్దసారు విసుగ్గా చూడబోయి, ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోసినప్పుడు మొక్క ఎంతుంది?"

"నడుందాకా సార్."

"విత్తనానికి ఏమీ లేదు. నడుమెత్తులో వేరు దగ్గర ఒక్క మగ్గు. పద్ధెనిమిదింట్లో పదహారు. పై ఆకులోకి." ఆయన వాళ్ళతో మాట్లాడటం మానేసి కాగితంతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "అంటే విత్తనం దగ్గరే మొదలుపెట్టక్కర్లేదు. నిలబడ్డ పైరుకి కూడా..." సొరుగులోంచి కొత్త నోటుపుస్తకం తీశాడు. నాలుగు వాక్యాలు రాశాక, వాళ్ళింకా అక్కడే ఉన్నారని గమనించాడు.

"ఈయన్ని పొలంలో ఉంచలేను. ఈ పంటకాలం గోడౌన్‌లో బస్తాల దగ్గర పనిచెయ్యాలి. పొయ్యని మొక్కలే ఇక కంట్రోలు. వాటి పురుగుల లెక్క మీరు చూడండమ్మా. మీ అంకెల మీద నాకు అనుమానం లేదు."

"ఎప్పట్నుంచి సార్?" అందామె.

"రేపట్నుంచి."

"లెక్క కాదు సార్. అనుమానం ఎప్పట్నుంచి లేదు?"

పెద్దసారు కలం కింద పెట్టాడు.

"నా చెయ్యి శుభ్రం లేదన్న మాట తొట్టి దగ్గర అన్నారు. ఉందన్న మాట కూడా అక్కడే అనాలి. భోజనాలవేళ అందరూ ఉంటారు."

మొగుడు ఆమె వైపు బిత్తరగా చూశాడు. ఆమె చూడలేదు.

మధ్యాహ్నం పెద్దసారు వచ్చాడు. కుళాయి ధారగా తిప్పి, చేతులు రుద్దుకుంటూ, నీళ్ళ చప్పుడులో ఏదో అన్నాడు. స్టోరు గుమాస్తా "ఏంటి సార్?" అన్నాడు. ప్లేట్లమ్మ చెయ్యి చాపి కుళాయి కట్టేసింది. అప్పుడు ఆయన అన్నాడు, ఆమె ప్లేట్లు సరిగ్గానే ఉన్నాయని, పొరపాటు ల్యాబ్‌ది కాదని, గురువారం తను తొందరపడ్డానని. అని, చేతులు తుడుచుకోకుండానే వెళ్ళిపోయాడు. ఇన్ని రోజులు ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక, గోడౌన్ వైపు నుంచి బస్తాలు లాగుతున్న చప్పుడు వినిపిస్తుంటే, అనుకున్నంత సంతోషం రాలేదు.

ఆ సాయంత్రం నడిచి వస్తుంటే మొగుడు ఒక్కటే మాటన్నాడు.

"ఆరో వరస మూడోదాంట్లో రెండు పురుగులున్నాయి. ఏరేస్తే బతుకుతుంది."

"ఏరను," అందామె. "వాటిని తిననివ్వడమే నా పని ఇప్పుడు. నువ్వు చేసిన నిర్వాకానికి నాకంటుకున్న పని అది."

"తెలుసులే. ఊరికే చెప్పాను."

మంగళవారం పొద్దున్నే ఆమె అట్టకి బిగించిన కాగితాలతో పొలంలోకి దిగింది. ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా ఆకుల్ని కోసింది కానీ, ఆ ఆకుల మొక్కల దగ్గర ఇంతసేపు కూర్చున్నది లేదు. వంగడం, మొవ్వు విప్పడం, లెక్కపెట్టడం, రాయడం, మళ్ళీ వంగడం. రెండు వరుసలకే నడుం పట్టేసింది. మనిషిని పొలంలోంచి తీసేసినందుకు పెద్దసారునీ, తీసేలా చేసుకున్నందుకు మొగుణ్ణీ వంతులవారీగా తిట్టుకుంటూ ఆరో వరుస దాకా వచ్చింది.

మూడో మొక్క దగ్గర కూర్చుంది. మొవ్వు నిండా తడిసిన రంపపుపొట్టులాంటి పెంట. వేలితో పక్కకి తీస్తే అడుగున పురుగులు. రెండు కాదు, మూడు. పైకి రాబోతున్న లేతాకు, ఇంకా చుట్ట విప్పుకోనేలేదు, అప్పుడే సగం లేదు. పురుగొకటి తల కూడా ఎత్తకుండా తింటోంది. అంత తీరుబడిగా తినడం చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆమె రెండు వేళ్ళు వాటంతట అవే లోపలికి వెళ్ళాయి. మెత్తగా, చల్లగా తగిలింది.

"ఛీ," అంది. పురుగుని కాదు.

వేళ్ళు బయటికి తీసుకుంది. చీరకి తుడుచుకుని, కలం తీసి, ఆరు, మూడు, పక్కన మూడు అని రాసింది. తీసిన పెంటని మళ్ళీ లోపలికి నెట్టి, మొవ్వు ఎలా ఉందో అలా మూసి లేచింది. ఇంకా సగం దాకా మొక్కలున్నాయి. చేతిలో మందు పెట్టుకుని, రోజూ ఈ దారినే నడుస్తూ, ఆ మనిషి నలభై ఒకటి దగ్గర ఎలా ఆగాడో ఆమెకి అర్థం కాలేదు.